స్కాన్ రిపోర్టులో ఏం రాశారు? మెదడు గురించి ఇంటిల్లిపాదీ తెలుసుకోవాల్సిన మాటలు

తలకు తీసిన స్కాన్ రిపోర్టు చేతికి రాగానే మన ఇళ్ళలో ఒకటే జరుగుతుంది. డిగ్రీ చదివిన అబ్బాయికో, ఫార్మసీ చేసిన కోడలికో ఇచ్చి "ఏం రాశారో చూడు బేటా" అంటారు. వాళ్ళు ఫోన్లో ఒక్కో మాటా వెతుకుతారు. ఫోన్ ఒక్కో మాటకీ ఒక భయంకరమైన జబ్బు చూపిస్తుంది. తీరా డాక్టరు ఐదు నిమిషాలు దొరికినప్పుడు, అడగాల్సింది ఏమిటో ఎవరికీ గుర్తుండదు.

అందుకే ఆ కాగితంలో తరచూ కనిపించే మాటలను, వాటి వెనకున్న మెదడు భాగాలను ఇక్కడ వీలైనంత మామూలు భాషలో చెప్పే ప్రయత్నం చేస్తున్నాం. ఇది చదివి ఇంట్లో వైద్యం చేయడానికి కాదు, డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఆయన చెప్పేది అర్థం కావడానికి.

ముందు 'నరం' సంగతి

తెలుగులో 'నరం' అనే మాట చాలా పనులు చేస్తుంది. సెలైన్ ఎక్కించేటప్పుడు "నరం దొరకలేదు" అంటాం, అది రక్తనాళం. "మెడ నరం పట్టేసింది" అంటాం, అది చాలాసార్లు కండరం. ఉర్దూలో 'నస్' కూడా ఇంతే. 'నస్ చఢ్ గయీ' అంటే బిగుసుకుపోయింది కండరమే. ఇక 'నాడి' అందామా అంటే, అది చేయి పట్టుకుని చూసే నబ్జ్ అనుకుంటారు.

ఈ గందరగోళం వల్ల నష్టం కూడా ఉంది. "మెదడులో నరం చిట్లింది" అని విన్నవాళ్ళు, నరాల బలానికి మందు వాడితే సరిపోతుందనుకుంటారు. అక్కడ చిట్లింది రక్తనాళం. దానికి కారణం చాలాసార్లు ఏళ్ళ తరబడి పట్టించుకోని బీపీ. నరం అంటే కబురు మోసే తీగ, అందులో రక్తం పారదు. ఈ వ్యాసంలో నరం అంటే ఆ తీగ మాత్రమే. బోర్డుల మీద కనిపించే 'నరాల బలహీనత' అనే మాట ఏ ఒక్క జబ్బు పేరూ కాదు. షుగర్ వల్ల కాళ్ళ నరాలు దెబ్బతినడం నిజమైన జబ్బే, దాని పేరు న్యూరోపతి. డాక్టరు నోట ఏదైనా కచ్చితమైన పేరు వచ్చేదాకా అడగడంలో తప్పులేదు.

పైనుంచి లోపలికి: ఎముక, మూడు పొరలు, నీళ్ళు

మటన్ దుకాణంలో భేజా చూడనివాళ్ళు మనలో తక్కువ. అరచేతిలో పట్టేంత మెత్తటి ముద్ద, ముడతలు ముడతలుగా, మధ్యలో గీత గీసినట్టు రెండు సగాలు. వండే ముందు పైనున్న ఎర్రటి దారాల్లాంటి సన్న పొరను ఒలిచేస్తారు. మనిషి మెదడు కూడా చూడటానికి ఇలాంటిదే, కాకపోతే సుమారు 1.3 నుంచి 1.4 కిలోల బరువు, ముడతలు ఇంకా ఎక్కువ. (భేజా తింటే భేజా పెరుగుతుందన్నది నమ్మకం మాత్రమే. అందులో కొలెస్ట్రాల్ మాత్రం బాగానే ఉంటుంది.)

మెదడు చుట్టూ మూడు పొరలు ఉంటాయి. మన స్కూలు పుస్తకాల్లో వరాశిక, లౌతికళ, మృద్వి అని చదివి పరీక్ష అయ్యాక మర్చిపోయినవి అవే. డాక్టర్లు పైపొరను డ్యూరా మేటర్, మధ్యదాన్ని అరాక్నాయిడ్, లోపలిదాన్ని పియా మేటర్ అంటారు. 'మేటర్' అంటే లాటిన్లో అమ్మ. మెదడు పొరకు అమ్మ అనే పేరు ఎందుకొచ్చిందంటే, అది అరబీ నుంచి వచ్చింది. అరబీ వైద్య గ్రంథాల్లో ఈ పొరను 'ఉమ్ముద్దిమాగ్', అంటే దిమాగ్ తల్లి అన్నారు. మందంగా ఉన్నది ఒక ఉమ్మ్, పల్చగా, రఖీఖ్‌గా ఉన్నది ఇంకో ఉమ్మ్. 10వ శతాబ్దపు వైద్యుడు అలీ ఇబ్న్ అల్ అబ్బాస్ అల్ మజూసీ గ్రంథాన్ని 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చినప్పుడు ఆ మాటలను ఉన్నదున్నట్టు తీసుకున్నారు. ఇవాళ ప్రపంచంలో ఏ ఆపరేషన్ థియేటర్లో డ్యూరా మేటర్ అన్నా, ఆ మాట వెనక ఉన్నది ఈ 'ఉమ్మ్' అనే పదమే.

రిపోర్టులో ఈ పొరల పేర్లు ఎక్కువగా బైకు ప్రమాదాల తర్వాత కనిపిస్తాయి. 'ఎక్స్‌ట్రా డ్యూరల్' లేదా 'ఎపి డ్యూరల్ హెమటోమా' అంటే పుర్రెకూ పైపొరకూ మధ్య రక్తం గడ్డకట్టింది. 'సబ్ డ్యూరల్' అంటే పైపొర కింద. 'సబ్ అరాక్నాయిడ్ హెమరేజ్' అంటే మధ్యపొర కింద రక్తం పారింది. ఇది దెబ్బ తగలకుండా కూడా, ఉబ్బిన రక్తనాళం పగిలితే వస్తుంది. ఎప్పుడూ రానంత తలనొప్పి పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా రావడం దాని గుర్తు.

వీటిలో మొదటిది మోసం చేసే రకం. కిందపడ్డ కుర్రాడు లేచి కూర్చుంటాడు, మాట్లాడతాడు, టీ కూడా తాగుతాడు. "ఏం కాలేదు" అని ఇంటికి తెచ్చేస్తారు. రెండు మూడు గంటల్లో వాంతులు, మత్తు, తర్వాత స్పృహ ఉండదు. లోపల రక్తం పేరుకుని మెదడును నొక్కుతోందన్నమాట. తలకు దెబ్బ తగిలి కాసేపైనా స్పృహ తప్పినా, వాంతులైనా, చెవి నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, నీరు వచ్చినా స్కాన్ తీయించాల్సిందే. సబ్ డ్యూరల్ ఇంకో రకంగా మోసం చేస్తుంది. వయసు మీరిన దాదీ బాత్రూంలో జారి పడతారు, ఆ విషయం అందరూ మర్చిపోతారు. మూడు వారాల తర్వాత తికమకగా మాట్లాడటం, నడక తూలడం మొదలైతే "వయసు కదా" అనుకుంటారు. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

ఈ పొరలకు ఇన్ఫెక్షన్ వస్తే మెనింజైటిస్. జ్వరం, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం.

పొరల మధ్యా, మెదడు లోపలి గదుల్లోనూ తేటనీరు లాంటి ద్రవం తిరుగుతుంటుంది. రిపోర్టులో సీఎస్‌ఎఫ్ అని రాస్తారు. ఒకేసారి ఉండేది సుమారు 150 మిల్లీ లీటర్లే అయినా, రోజుకు సుమారు అర లీటరు కొత్తగా తయారై పాతది రక్తంలో కలిసిపోతుంది. ఆ లోపలి గదులను 'వెంట్రికల్స్' అంటారు. గుండెలో గదులకూ అదే పేరు ఉండటంతో, మెదడు రిపోర్టు చూసి గుండె జబ్బు అనుకున్నవాళ్ళు ఉన్నారు. నీరు పోయే దారి మూసుకుపోతే గదులు ఉబ్బుతాయి. దాన్ని హైడ్రోకెఫలస్ అంటారు. పసిపిల్లల్లో తల కొలత మామూలు కంటే వేగంగా పెరగడం దీని గుర్తు. సన్నటి గొట్టం, అంటే షంట్ వేసి ఆ నీటిని పొట్టలోకి మళ్ళిస్తారు.

మెనింజైటిస్ అనుమానం ఉంటే నడుము దగ్గర సూదితో ఈ నీరు తీసి పరీక్ష చేస్తారు. ఇక్కడే చాలా కుటుంబాలు సంతకం పెట్టకుండా ఆగిపోతాయి. "వెన్నులో నీళ్ళు తీస్తే కాళ్ళు పడిపోతాయి" అనే భయం. వెన్నుపాము పెద్దవాళ్ళలో నడుము పైభాగం దగ్గరే, మొదటి రెండు నడుము ఎముకల ప్రాంతంలోనే అయిపోతుంది. సూది వేసేది దానికి కింద. అక్కడ నీటిలో తేలే నరాల పోగులే తప్ప వెన్నుపాము ఉండదు. తర్వాత ఒకటి రెండు రోజులు తలనొప్పి రావచ్చు. కానీ ఆ పరీక్ష ఆలస్యమై సరైన మందు పడకపోతే మెనింజైటిస్ ప్రాణం తీయగలదు, చెవుడూ మిగల్చగలదు.

పెద్ద మెదడు: కుడి ఎడమల లెక్క

పైనుంచి చూస్తే కనిపించే ముడతల భాగమంతా పెద్ద మెదడు, అంటే సెరిబ్రమ్. పై తొడుగును కార్టెక్స్ అంటారు. రెండు సగాలనూ కలుపుతూ మధ్యలో సుమారు 20 కోట్ల తీగల కట్ట ఒకటి ఉంటుంది, దాని పేరు కార్పస్ కల్లోజమ్. మెదడు ఎడమ సగం శరీరం కుడివైపును నడుపుతుంది, కుడి సగం ఎడమవైపును. రిపోర్టులో 'లెఫ్ట్' అని ఉండి, అబ్బాకు కుడి చెయ్యి పడిపోతే రిపోర్టు తప్పు అని గొడవ పడక్కర్లేదు. తీగలు కిందికి దిగేటప్పుడు అడ్డంగా దాటుతాయి, అంతే.

ఒక్కో సగంలో నాలుగు భాగాలు, వీటిని 'లోబ్' అంటారు. నుదుటి వెనక ఫ్రాంటల్. ఆలోచన, నిగ్రహం, చేతులు కాళ్ళు కదిలించే ఆదేశాలు ఇక్కడివే. 1848లో అమెరికాలో ఫినియాస్ గేజ్ అనే రైల్వే పనివాడి తలలోంచి ఇనప కడ్డీ దూసుకుపోయింది. బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. కానీ నెమ్మదస్తుడు కాస్తా నోటికి అడ్డూ అదుపూ లేని మనిషి అయ్యాడని అతనికి వైద్యం చేసిన డాక్టరు రాశాడు. తలకు దెబ్బ తగిలి కోలుకున్నవాళ్ళు ఇంట్లో చీటికిమాటికి కోప్పడుతుంటే "పొగరు పెరిగింది" అనే ముందు ఈ సంగతి గుర్తుచేసుకోవాలి. నడినెత్తి దగ్గర పెరైటల్, ఇది స్పర్శను, దూరాలను చూసుకుంటుంది. వెనక ఆక్సిపిటల్, చూపు కోసం. కళ్ళు బాగున్నా ఇక్కడ దెబ్బ తగిలితే చూపు పోతుంది. చెవుల పక్కన టెంపోరల్, ఇది వినికిడికీ జ్ఞాపకానికీ.

మాట సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గరకు వచ్చిన రోగి 'టాన్' అనే ఒక్క శబ్దం తప్ప పలకలేకపోయేవాడు, ఎదుటివాళ్ళు చెప్పేది మాత్రం అర్థం చేసుకునేవాడు. అతను చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. దాన్నే బ్రోకా ప్రాంతం అంటున్నారు. 1874లో కార్ల్ వెర్నికే ఇంకో రకం చెప్పాడు. అక్కడ మాటలు ధారగా వస్తాయి, అర్థం ఉండదు, ఎదుటివాళ్ళ మాటా అర్థం కాదు. రిపోర్టులో 'అఫేసియా' అని ఉంటే ఇలా భాష దెబ్బతిన్నదని అర్థం.

మొదటి రకం రోగి మౌనంగా ఉంటాడు కాబట్టి "మతి పోయింది" అనేసుకుంటారు. మంచం పక్కనే నిలబడి ఆస్తి గురించో, ఎవరు ఎన్నాళ్ళు చూసుకోవాలన్న దాని గురించో వాదించుకుంటారు. ఆయనకు చాలావరకు అర్థమవుతూనే ఉంటుంది, జవాబు చెప్పే దారి మాత్రమే లేదు. స్పీచ్ థెరపీ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

ఇంట్లో దఖ్నీ, బజారులో తెలుగు మాట్లాడే మనలాంటి వాళ్ళకు ఇంకో విషయం. రెండు భాషలు వచ్చినవాళ్ళకు స్ట్రోక్ వస్తే రెండూ ఒకేసారి, ఒకేలా తిరిగి రాకపోవచ్చు. కొందరికి ఒకటి ముందు వస్తుంది. తెలుగులో పలకనివాళ్ళతో ఉర్దూలో మాట్లాడి చూడాలి, థెరపిస్టుకు రెండు భాషల సంగతీ ముందే చెప్పాలి. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది మతిమరుపు జబ్బు రోగులను పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే భాష వచ్చినవాళ్ళతో పోలిస్తే రెండు అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని, చదువురాని వాళ్ళలోనూ ఈ తేడా ఉందని తేలింది. భాషలే కారణమా, ఇంకేదైనా ఉందా అన్న వాదన ఇంకా నడుస్తోంది. ఏదైనా పిల్లలతో ఇంటి భాష మాట్లాడటం మానేస్తే ఇంగ్లీషు బాగా వస్తుందనుకునే తల్లిదండ్రులు ఒకసారి ఆలోచించాలి.

"మనిషి మెదడులో పది శాతమే వాడతాడు" అన్న మాట ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. అది అబద్ధం. శరీర బరువులో 2 శాతం ఉండే మెదడు, శరీరం వాడే శక్తిలో సుమారు 20 శాతం తింటుంది. తొంభై శాతం ఖాళీగా కూర్చునే అవయవానికి శరీరం అంత ఖర్చు పెట్టదు.

లోపలి ముద్దలు, చిన్న మెదడు, కాండం

పెద్ద మెదడు లోపల కొన్ని ముద్దలు దాగి ఉంటాయి. థలామస్ ఒక పోస్టాఫీసు లాంటిది, వాసన తప్ప మిగతా ఇంద్రియాల కబుర్లన్నీ దీని గుండానే పైకి పోతాయి. దాని కింద వేలి కొనంత హైపోథలామస్, ఆకలి, దాహం, నిద్ర, ఒంటి వేడి చూస్తుంది. బేసల్ గాంగ్లియా కదలికలను సాఫీ చేస్తుంది. బీపీ వల్ల వచ్చే రక్తస్రావాలు ఎక్కువగా జరిగే చోటు కూడా ఇదే కాబట్టి రిపోర్టుల్లో ఈ పేరు తరచూ చూస్తాం. డోపమిన్ తయారుచేసే కణాలు మధ్య మెదడులో నల్లటి చార లాంటి చోట తగ్గిపోతే వచ్చేది పార్కిన్సన్స్, మనం రాషా, వణుకుడు జబ్బు అనేది. ఇది వణుకు ఒక్కటే కాదు. నడక నెమ్మదించడం, ముఖంలో కవళికలు తగ్గడం, అక్షరాలు చిన్నవి కావడం కూడా.

హిప్పోకాంపస్ జ్ఞాపకాల కార్ఖానా. 1953లో అమెరికాలో హెన్రీ మోలైసన్ అనే యువకుడికి ఫిట్స్ తగ్గించడానికి రెండు వైపులా ఈ భాగాన్ని చాలావరకు తీసేశారు. 2008లో చనిపోయేదాకా కొత్త విషయమేదీ అతని మనసులో నిలవలేదు. పాత జ్ఞాపకాలు మాత్రం చాలావరకు ఉండేవి. అల్జీమర్స్‌లో మొదట దెబ్బతినే చోట్లలో ఇదొకటి. అందుకే నానీకి తన పెళ్ళినాటి సంగతులు గుర్తుంటాయి, పొద్దున తిన్నది గుర్తుండదు. అది నటన కాదు. దాని పక్కనే బాదం గింజంత అమిగ్డలా, భయానికి గంట కొట్టేది.

తల వెనక కింద ఉండేది చిన్న మెదడు, సెరిబెల్లమ్. మెదడంతా కలిపి సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, వాటిలో ఎక్కువ భాగం ఈ చిన్నదాంట్లోనే ఉన్నాయి. తూలకుండా నడవడం, గ్లాసు ఒలక్కుండా నోటిదాకా తేవడం దీని పని. ఇక్కడ స్ట్రోక్ వస్తే చెయ్యి పడిపోదు. కళ్ళు తిరగడం, వాంతులు, నిలబడలేకపోవడం ఉంటాయి. గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెడతారు.

మెదడునూ వెన్నుపామునూ కలిపే కాండం బ్రెయిన్ స్టెమ్. మధ్య మెదడు, పాన్స్, మెడుల్లా, అంటే పుస్తకాల్లోని మజ్జాముఖం, దీని భాగాలు. ఊపిరి, గుండె వేగం, మింగడం ఇక్కడినుంచే నడుస్తాయి. స్ట్రోక్ తర్వాత మింగే శక్తి తగ్గితే ముక్కులో పైపు వేస్తారు. "పాపం దాహంగా ఉందేమో" అని నర్సు చూడకుండా చెంచాతో నీళ్ళు పోయడం ప్రేమతో చేసే పనే, కానీ ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. స్ట్రోక్ రోగుల ప్రాణం పోవడానికి పెద్ద కారణాల్లో అదొకటి.

'కోమా', 'బ్రెయిన్ డెడ్' ఒకటి కావు. కోమాలో ఉన్నవాళ్ళ మెదడులో కొంత పని జరుగుతూనే ఉంటుంది, కొందరు తిరిగి లేస్తారు. బ్రెయిన్ డెడ్ అంటే కాండం కూడా పూర్తిగా, శాశ్వతంగా ఆగిపోయింది. వెంటిలేటర్ ఊపిరి పోస్తున్నంతసేపు గుండె కొట్టుకుంటుంది, ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది. అందుకే నమ్మడం కష్టం. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బోర్డు పరీక్షలు చేసి, కనీసం ఆరు గంటల తర్వాత మళ్ళీ చేసి నిర్ధారించాలి. ఆ పరీక్షలు ఎప్పుడు, ఎవరు చేశారో చెప్పమని అడిగే హక్కు కుటుంబానికి ఉంది.

కణం, తీగ, కబురు

నాడీకణాన్ని న్యూరాన్ అంటారు. దాని పొడవాటి తోక ఆక్సాన్, పుస్తకాల్లో తంత్రికాక్షం. వెన్నుపాము నుంచి పాదం దాకా ఒకే కణం తోక మీటరు వరకు ఉండొచ్చు. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగులా దీనిమీద మయెలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్, గిలన్ బారీ లాంటి జబ్బుల్లో దెబ్బతినేది ముఖ్యంగా ఇదే. ఒక కణానికీ ఇంకోదానికీ మధ్య చిన్న సందు, సినాప్స్. దాన్ని కబురు ఎక్కువగా రసాయనంగా మారి దాటుతుంది. డోపమిన్, సెరటోనిన్ అలాంటి రసాయనాలే. డోపమిన్ అంటే సంతోషం అని వీడియోల్లో చెప్పేది సగం మాట. అదే రసాయనం తగ్గితే చెయ్యి వణుకుతుందని పైన చూశాం. డిప్రెషన్‌కు ఇచ్చే చాలా మాత్రలు సెరటోనిన్ మీద పనిచేస్తాయి. పని మొదలవడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి నాలుగు రోజులకే "గుణం లేదు" అని ఆపేయకూడదు.

ఫాలిజ్, లఖ్వా: గడియారం చూడాల్సిన జబ్బు

మెదడుకు రక్తం నాలుగు పెద్ద గొట్టాల ద్వారా వస్తుంది. మెడ ముందు రెండు కెరోటిడ్లు, వెనక ఎముకల గుండా రెండు వర్టిబ్రల్స్. రిపోర్టులో 'ఎంసీఏ' అంటే మధ్య కొమ్మ. 'ఇస్కీమియా' అంటే రక్తం చాలకపోవడం. 'ఇన్‌ఫార్క్ట్' అంటే రక్తం అందక చనిపోయిన భాగం. 'హెమరేజ్' అంటే నాళం పగిలి రక్తం కారడం. అంటే స్ట్రోక్ రెండు రకాలు, అడ్డుపడటం, పగలడం. మందులు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. స్కాన్ తీయకముందే ఇంట్లో ఆస్పిరిన్ మింగించకూడదన్నది అందుకే. బీపీ ఎక్కువుందని ఇంట్లో ఉన్న మాత్రలు నాలుక కింద పెట్టడం కూడా వద్దు.

అడ్డుపడిన నాళం మూసుకుని ఉన్నంతసేపు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని లెక్క. గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. పెద్ద నాళంలో గడ్డ ఉంటే తొడ దగ్గర నుంచి తీగ పంపి లాగేసే పద్ధతి, థ్రాంబెక్టమీ, కొందరికి 24 గంటల వరకు కూడా కుదురుతుంది. కానీ ఎంత ముందైతే అంత మిగులుతుంది. మూతి ఒకవైపు వంకర పోయిందా, రెండు చేతులు ఎత్తమంటే ఒకటి జారిపోతోందా, మాట ముద్దగా వస్తోందా, ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉండి, 24 గంటలూ స్ట్రోక్ వైద్యం చేసే ఆస్పత్రికి తీసుకుపోవాలి. డాక్టరు మొదట అడిగే ప్రశ్న "చివరిసారి ఎప్పుడు మామూలుగా ఉన్నారు" అన్నది. ఫజర్‌కు లేవగానే చూశాం అంటే లెక్క అప్పటినుంచి కాదు, రాత్రి పడుకునే ముందు బాగున్న సమయం నుంచి. ఆ టైము ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

మన దగ్గర ఈ గంటలు ఎక్కడ పోతాయో అందరికీ తెలుసు. ఫలానా ఊళ్ళో నాటుమందు, అడవి పావురం రక్తంతో మర్దన, "ముందు తావీజు కట్టించి రేపు చూద్దాం". ఒంటికి రాసేది ఏదైనా మెదడులో మూసుకున్న నాళాన్ని తెరవలేదు. దువా చేసేవాళ్ళు అంబులెన్సులో కూర్చుని చేయొచ్చు.

హకీములు ఫాలిజ్, లఖ్వా వేరువేరుగా చెప్పేవారు. ఫాలిజ్ ఒంటి సగానికి, లఖ్వా ముఖానికి. ముఖానికి మాత్రమే వచ్చేదాన్ని ఇప్పుడు బెల్స్ పాల్సీ అంటారు. ఇందులో మెదడు బాగానే ఉంటుంది, ముఖానికి పోయే నరం వాస్తుంది. అందులో నుదురు కూడా ముడత పడదు, కన్ను మూతపడదు. స్ట్రోక్‌లో సాధారణంగా నుదురు కదులుతుంది, మూతి వంకర పోతుంది. బెల్స్ పాల్సీ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది వారాల్లో కోలుకుంటారు. పావురం వైద్యానికి పేరు వచ్చింది ఈ రోగుల వల్లేనని మా అంచనా. తేడా చెప్పే పని మాత్రం డాక్టరుది, ఇంట్లో అద్దం ముందు తేల్చేది కాదు.

'టీఐఏ' అంటే పది పదిహేను నిమిషాల్లో తగ్గిపోయిన స్ట్రోక్ లక్షణాలు. తగ్గిపోయింది కదా అని వదిలేస్తారు. తర్వాతి కొద్ది రోజుల్లోనే అసలు స్ట్రోక్ వచ్చే ప్రమాదం ఎక్కువ కాబట్టి అదే రోజు చూపించాలి.

మిర్గీ, మెదడులో 'పురుగు'

ఫిట్స్ అంటే మెదడు కణాలు ఒక్కసారిగా అదుపు తప్పి విద్యుత్ సంకేతాలు పంపడం. మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఎపిలెప్సీ, మిర్గీ. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. తాళాలు చేతిలో పెట్టినా, చెప్పు వాసన చూపించినా ఆగినట్టు కనిపించేది అందుకే. చేయాల్సింది పక్కకు తిప్పి పడుకోబెట్టడం, మెడ దగ్గర గుండీలు వదులు చేయడం, టైము చూడటం. నోట్లో ఏమీ పెట్టకూడదు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. రంజాన్‌లో మాత్రల వేళలు మారతాయి కాబట్టి, నెల మొదలయ్యే ముందే డాక్టరును అడగాలి. సొంతంగా ఒక పూట మాత్ర ఎగ్గొడితే ఫిట్స్ తిరిగి రావచ్చు.

రిపోర్టులో 'రింగ్ ఎన్‌హాన్సింగ్ లీజన్' అని కనిపిస్తే కేన్సరేనని ఏడవక్కర్లేదు. మన దేశంలో దీనికి తరచూ ఉండే కారణాలు రెండు. ఒకటి టీబీ గడ్డ. రెండోది న్యూరోసిస్టిసెర్కోసిస్, బద్దెపురుగు పిల్లదశ మెదడులో గూడు కట్టడం. 'కాల్సిఫైడ్ గ్రాన్యులోమా' అంటే అలాంటిది మానిపోయి మిగిలిన సున్నపు మచ్చ. ఈ పురుగు పేరు చెప్పగానే మన ఇళ్ళలో "మేం పంది మాంసం ముట్టం, మాకెలా వస్తుంది" అని రిపోర్టునే నమ్మరు, మందు వేయరు. పంది మాంసం తింటే కడుపులో పురుగు పెరుగుతుంది. మెదడులోకి వచ్చేది మాత్రం ఆ పురుగు గుడ్లు మింగడం వల్ల. కడుపులో పురుగున్న మనిషి మలంతో గుడ్లు బయటికొచ్చి, కడగని చేతుల ద్వారా, కలుషిత నీటి ద్వారా, పచ్చి కూరగాయల ద్వారా ఎవరి నోట్లోకైనా చేరొచ్చు. 1992లో న్యూయార్క్‌లో పంది మాంసం ముట్టని యూదు కుటుంబాల్లో ఇదే జబ్బు బయటపడి వైద్య పత్రికల్లో వచ్చింది. మరుగుదొడ్డి నుంచి వచ్చాక సబ్బుతో చేతులు కడగడం, కొత్తిమీర, క్యారెట్ లాంటివి బాగా కడిగి తినడం, ఇంతకు మించిన నివారణ లేదు.

భయపెట్టే మామూలు మాటలు, పరీక్షలు

'ఏజ్ రిలేటెడ్ అట్రఫీ' అంటే వయసుతో మెదడు కాస్త కుంచించుకుంది. డెబ్బై దాటినవాళ్ళ రిపోర్టుల్లో చాలావాటిలో ఉంటుంది, అదొక్కటే మతిమరుపు జబ్బు కాదు. 'స్మాల్ వెసల్ ఇస్కీమిక్ ఛేంజెస్' అంటే సన్న నాళాల పాత మచ్చలు. ఇది బీపీ, షుగర్, పొగతాగడం గురించి ఇచ్చే హెచ్చరిక, ఆపరేషన్ చేయాల్సిన సంగతి కాదు. 'లీజన్' అంటే తేడాగా కనిపించిన చోటు, అంతే. 'ఎడీమా' అంటే వాపు. 'మిడ్‌లైన్ షిఫ్ట్' అని ఉంటే మాత్రం మధ్య గీత పక్కకు జరిగిందని, లోపల ఒత్తిడి పెరిగిందని అర్థం. అది తేలిగ్గా తీసుకునేది కాదు.

సీటీ స్కాన్ ఎక్స్‌రేలతో తీసేది, నిమిషాల్లో అయిపోతుంది, కొత్త రక్తస్రావాన్ని వెంటనే చూపిస్తుంది. అందుకే స్ట్రోక్ వస్తే మొదట అదే. అడ్డుపడిన రకం మొదటి గంటల్లో సీటీలో కనిపించకపోవచ్చు, 'నార్మల్' అని వస్తే స్ట్రోక్ కాదని కాదు. ఎమ్మారై అయస్కాంతంతో తీసేది, రేడియేషన్ ఉండదు, టైము పడుతుంది. పేస్‌మేకర్, ఒంట్లో లోహపు ముక్కలు ఉంటే ముందే చెప్పాలి. ఈఈజీ తలకు తీగలు అంటించి మెదడు విద్యుత్తును గీతలుగా రాయడం. షాక్ పెడతారని భయపడేవాళ్ళున్నారు, అందులో కరెంటు మెదడు నుంచి మిషన్‌కు వస్తుందే గానీ మిషన్ నుంచి మెదడుకు పోదు. ఫిట్స్ ఉన్నవాళ్ళకీ ఇది ఒక్కోసారి మామూలుగా రావచ్చు. కాబట్టి ఫిట్స్ వచ్చినప్పుడు ఎవరైనా ఫోన్లో వీడియో తీస్తే అది డాక్టరుకు చాలా ఉపయోగపడుతుంది.

రిపోర్టు అంతా చదివే ఓపిక లేకపోతే చివర 'ఇంప్రెషన్' అని ఉన్న నాలుగు వరుసలు చూడండి, అసలు సంగతి అక్కడుంటుంది. ఇంకో డాక్టరుకు చూపించేటప్పుడు కాగితం ఒక్కటే కాకుండా ఫిల్ములు, సీడీ, పాత రిపోర్టులు కూడా తీసుకెళ్ళండి. పాతదానితో పోలిస్తేనే మచ్చ కొత్తదో పాతదో తెలుస్తుంది.